చైనా గేదె జున్ను

ఆ రోజుల్లో టీవీ అంటే మాకు పేపర్లో చదివిన మాటే తప్ప కంటితో చూసిన పెట్టె కాదు. అలాంటిది, ఎక్కడో విదేశాల్లో టీవీ కోసం తీసిన చైనా వంటల డాక్యుమెంటరీ, ఒక్కో ప్రాంతానికి ఒక్కో భాగం చొప్పున, రీళ్ళ రూపంలో బాపట్లలోని మా వ్యవసాయశాఖ ఆఫీసుకొచ్చింది. అది చూపించి రైతుల చేత సోయా చిక్కుడు సాగు చేయించాలని పైవాళ్ళ ఉద్దేశం. ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని తెలుగులో చెప్పేదెవరని ఆఫీసరుగారు అడిగితే, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని నేను చెయ్యెత్తాను. (నా ఇంగ్లీషు ఫైళ్ళ మీద రాసేంత వరకే. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.)

నందివెలుగు బడిలో కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పట్టపగలే చీకటి చేసి బొమ్మ వేశాం. రీల్లో వ్యాఖ్యానం చెప్పే దొరగారి గొంతు గడగడా పరిగెడుతోంది. పది మాటలకి ఒకటి నాకందితే గొప్ప. ఇంతలో తెర మీద తెల్లటి ముక్కలు కనిపించాయి. "ఇది చైనావాళ్ళ జున్నండి!" అన్నాను మైకులో ధైర్యంగా. ముందు వరసలో కూర్చున్న మామ్మగారొకరు, "గేదె ఎప్పుడీనింది నాయనా?" అని అడిగారు. "మొన్ననేనండి" అన్నాను. జనం ఆహా అన్నారు. దాంతో నాకు ఊపొచ్చి, దాని కొమ్ములూ మేతా కూడా వర్ణించాను.

తర్వాతి బొమ్మలో ఒకావిడ గింజలు నానబోసి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు కాచి విరగ్గొట్టింది. గేదె ఎంతసేపటికీ రాలేదు. గదంతా గొల్లున నవ్వింది. వెనక కుర్చీలోంచి ఆఫీసరుగారు లేచి నిలబడ్డారు. నా ఉద్యోగం రేపల్లె పాసింజరెక్కి వెళ్ళిపోయిందనుకున్నాను.

"ఊరుకోండర్రా, పిల్లాడు బెదిరిపోతున్నాడు!" అంటూ మామ్మగారు నా పక్కకొచ్చారు. "చిక్కుడు గింజల్లాంటివేవో రుబ్బి పాలు తీశారు. ఇదిగో, ఏదో కలిపి విరగ్గొట్టింది చూడండి. ఆ జాడీలో ఉప్పేసి మాగబెట్టారు, మన పచ్చళ్ళకి మల్లే." ఇంగ్లీషు ముక్క రాని మనిషి, వాళ్ళ చేతులు చూసి అంతా చెప్పేశారు. నేను మైకు ఆవిడ నోటి దగ్గర పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

బయటికొచ్చాక ఆఫీసరుగారు, "వచ్చే వారం తెనాలిలో రెండో భాగం ఉందయ్యా" అన్నారు.

"బాగా ప్రిపేరై వస్తానండి."

"నువ్వేం ప్రిపేరవ్వకు. ఆవిణ్ణి జాగ్రత్తగా బస్సెక్కించి తీసుకురా, చాలు."

అలా ఆ భాగాలన్నీ అయ్యేదాకా మైకు పట్టుకునే పనిలో హాయిగా గడిపాను, ఉద్యోగమూ నిలిచింది. "తెలియదండి" అనే మాట నోటికి రావడానికి మాత్రం ఇంకో పదేళ్ళు పట్టింది. ఇప్పుడైతే ఎవరేం అడిగినా ముందు అదే అనేస్తున్నాను. ఆనాటి కుర్రాడు ఇది వింటే, "పాపం పెద్దాయన, ఏమీ తెలీదు" అని నామీద జాలిపడేవాడు.