జనాబాయి పెట్టించిన అద్దాల కిటికీలు

జనాబాయికి పగవాళ్లంటూ ఎవరూ లేరు, ఇంటి కిటికీలు తప్ప.

నాందేడ్ పాత ఊరిలో, గోదావరికి పోయే దారిలో ఉన్న పద్మశాలీల గల్లీలో వాళ్ల ఇల్లు. మట్టి మిద్దె, ఉన్న గదల్లా ఒకే ఒక పెద్ద అర్ర, దాని ముందు వసారా. అర్రకు గల్లీ వైపు ఒక కిటికీ, వసారా వైపు ఒక కిటికీ. భీమయ్యను పెళ్లాడి ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచే ఆ చెక్క రెక్కలు ఆమెతో తగాదా పెట్టుకున్నాయి. వానలు పడితే ఉబ్బిపోయి మూసుకునేవి కావు. ఎండలు ముదిరితే ఎండిపోయి వేలు దూరేంత సందులు విడిచేవి. ఏటా మృగశిర కార్తెకు ముందు ఆమె చెదమట్టి గీకి, కిరోసిన్ పూసి, వేపనూనె రుద్ది, సందుల్లో పాతగుడ్డలు కుక్కేది. భీమయ్య మిల్లుకు పోయి వచ్చేవాడు. కిటికీల గొడవ ఆయన చెవికి ఎక్కేది కాదు.

ఆమెకేమో ఆ కిటికీ పక్కనే బతుకు. వెలుతురు పడే చోట కూర్చుని బీడీలు చుట్టేది. జల్లు కొట్టిందంటే చాటలోని తంబాకు తడిసిపోయేది, తునికాకు బూజు పట్టేది, బీడీల సేటు ఆమె కట్టలను మూతి ముడిచి పక్కకు నెట్టేవాడు. సగం ఆయుష్షు ఆ చెక్కలకు ఊడిగం చెయ్యడంలోనే పోయిందని ఆమె అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

డెబ్భైల చివర్లో ఒక ఏడాది, గీకుతుండగానే చెద తిన్న కిటికీ చౌకట్టు ముక్క ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. అదే నెలలో దెగ్లూర్ నుంచి కబురు వచ్చింది. కూతురు అనుసూయకు ఏడో నెల వచ్చింది, మొదటి కాన్పు, పుట్టింటికే రావాలి. లెక్క వేసుకుంటే నిండు శ్రావణం. జడివానల్లో బాలింత, పసిగుడ్డు, ఈ సందుల్లోంచి కొట్టే ఈదురుగాలి. భయపడవలసిన మాటే, కానీ ఆ భయం ఆమెను తప్పు దారి పట్టించింది.

కొత్త కిటికీలు ఎంచడానికి ఆమె కోడలిని వెతికినంత పట్టింపు పెట్టుకుంది. వడ్రంగం చేసే వడ్ల రామదాస్ ఇంటికే వచ్చి చెప్పాడు.

"మాండవి అడివి టేకు తెస్త అక్కా. నీ మనుమలు ముసలోళ్లయినా ఏం గాదు."

"నూనె రాయాల్నా?"

"ఏడాదికోసారి రాయాలె మరి."

"అయితే వద్దు. నాకు నూనె రాసుడు అసుంటి పనే ఉండద్దు."

ఇనుప రెక్కలు చూసింది. తుప్పు పడుతుంది, రంగు వెయ్యాలి, వద్దంది. ఊరి చివర సిమెంటు చౌకట్లు పోసే చోటికి పోతే అక్కడి మనిషి సిమెంటు జాలీ చూపించాడు. చెద పట్టదు, తుప్పు పట్టదు, రంగూ అక్కర్లేదు. చిల్లుల్లోంచి అవతల రోడ్డు మీద పోయే సర్కారు ఎస్టీ బస్సు కనిపించింది. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. గాలి తగిలింది. "ఇదేం కిటికి? జల్లెడ," అని పక్కన పెట్టేసింది.

చివరికి నచ్చింది సిమెంటు చౌకట్టులో బిగించిన మందపాటి అద్దం. గల్లీ వైపుది పూర్తిగా బిగింపు. వసారా వైపుదానికి మాత్రం చెయ్యి పట్టేంత చిన్న రెక్క ఒకటి తెరుచుకుంటుంది. "ఆయుష్యభర్ కాహీ కామ్ నాహీ, బాయి," అన్నాడా మనిషి మరాఠీలో. జన్మలో దానికి మళ్లీ పని పెట్టనక్కర్లేదట. ఆ మాట కోసమే ఆమె ఇన్నేళ్లు కాచుకుని ఉంది.

కిటికీలు కూర్చాక మొదటి వాన పడిన రోజు ఆమె అర్రలో నిలబడి అద్దం మీద జారే నీళ్లను చూసి చిన్నపిల్లలా నవ్వుకుంది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ముట్టించిన ఊదుబత్తి పొగ మాత్రం ఎటు పోవాలో తెలియక నడిమధ్యలో నిలబడిపోయింది. తాలింపు ఘాటు మర్నాటికీ పోలేదు.

"డబ్బాల పెట్టి మూత పెట్టినట్టున్నదే," అన్నాడు భీమయ్య.

"నీకు సందులున్న ఇల్లే అలవాటాయె," అంది ఆమె.

ఆయన మంచం వసారాలోకి ఈడ్చుకుని అక్కడే పడుకోసాగాడు. ఆమె పట్టించుకోలేదు.

సర్కారు దవాఖానాలో అనుసూయకు ఆడపిల్ల పుట్టింది. బాలింతను చూసుకోవడానికి భీమయ్య అక్క శివవ్వ ఇస్లాపూర్ నుంచి వచ్చింది. ఎందరు బాలింతలకు నీళ్లు పోసిన చెయ్యో అది. తలంటి వేన్నీళ్లు పోయడం, నులక మంచం మీద పడుకోబెట్టడం, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి వాము, సాంబ్రాణి చల్లడం, తలుపు చేరవెయ్యడం. దాన్ని శెక పెట్టడం అంటారు. శెక తగలని బాలింతకు నడుము నిలవదని వాళ్ల నమ్మకం. అదే అర్రలో జనాబాయికి కూడా అలాగే పెట్టారు, ఆమె అత్తకూ పెట్టారు. కుంపటి నుంచి పుట్టిన పాడుగాలి ఆ చెక్క సందుల్లోంచి ఎప్పటికప్పుడు బయటికి పోయేది. ఆ సందులకు ఎవరు మొక్కారు కనక? అందరూ తిట్టినవాళ్లే.

రెండో రోజుకే అనుసూయకు తలనొప్పి పట్టుకుంది, తల్లితో చెప్పుకుంది.

"తల పగుల్తున్నదే అవ్వా. కడుపుల తిప్పుతున్నది."

శివవ్వ నుదురు తాకి చూసింది. "చలి వట్టింది. శెక చాలుతలేదు జనా, ఇంకిన్ని బొగ్గులెయ్యి."

బొగ్గులు పెరిగాయి. మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాచి వానకు కారుతోందని దాని మీద రేకు కప్పారు. తలుపు సందుకు గొంగడి వేలాడదీశారు. స్నానానికి వాకిట్లోకి వస్తే అనుసూయ తలనొప్పి తగ్గేది. "చూసినవా, వేన్నీళ్లు వడంగనే ఎట్ల తేలికైందో," అనేది శివవ్వ. లోపలికి పోగానే మళ్లీ మొదలయ్యేది. పసిది కూడా పాలు తాగి వెంటనే కక్కేది, తర్వాత మత్తుగా పడి ఉండేది. ఏడుపు లేని పిల్ల అని గల్లీ అంతా మెచ్చుకుంది. దానికి ఏడ్చే సత్తువ లేదని ఒక్కరికీ తోచలేదు. ఇప్పుడు చెబుతుంటే ఒళ్లు మండుతుంది కానీ, ఆ ఇంట్లో ఆ పూట ఉంటే మనమూ కొన్ని బొగ్గులు ఎగదోసి ఉండేవాళ్లం.

ఒకరోజు పొద్దున ముసురు పట్టి ఉంది. జనాబాయి నిప్పులు తెచ్చేసరికి అనుసూయ పిల్లను ఎత్తుకుని, వసారా వైపు చిన్న రెక్క తెరిచి, దానికి మొహం ఆనించి నిలబడి ఉంది.

"జర గాలి కావాలెనే అవ్వా."

"నెత్తికి గుడ్డ లేకుంట గిట్ల నిలవడ్తవా? పిల్లకేమన్న అయితే? పో, పండుకో."

అనుసూయ కాళ్లు తడబడుతూ పోయి పడుకుంది. జనాబాయి రెక్క మూసి, గడియ బిగించి, కుంపటి మంచం కిందికి నెట్టి, తలుపు వేసి బయటికి వచ్చింది. శివవ్వ బజారుకు పోయింది. భీమయ్య మిల్లులో ఉన్నాడు. ఆమె వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు కూర్చుంది. కొంచెం తల తిప్పితే అద్దంలోంచి తల్లీబిడ్డలు కనిపిస్తున్నారు. ఇద్దరి బుగ్గలు ఎర్రగా, నిగనిగలాడుతున్నాయి. అటుగా పోతున్న పక్కింటి పార్వతీబాయిని పిలిచి మరీ చూపించింది.

"ఎంత రంగు దేరిన్రో సూడు. శెక మంచిగ తాకింది."

పార్వతీబాయి చూసి నవ్వింది. "పిల్ల ఇంక పాలకు లేవలేదా?"

"నిద్రల ఉన్నది, లేపుడెందుకు?"

జనాబాయి ఇంకో కట్ట చుట్టింది. దారం ముడి వేస్తుంటే ఆ ప్రశ్న మళ్లీ చెవిలో మెదిలింది. లేచి తలుపు తోసింది. లోపలి గాలి మొహానికి తగలగానే ఆమెకే తల తిరిగింది. పిల్లను ఎత్తింది. ఒళ్లు వెచ్చగానే ఉంది. అందుకే కాసేపు ఆమెకు అర్థం కాలేదు. తల వెనక్కి వాలిపోయాక అర్థమైంది.

కేక విని పార్వతీబాయి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి అనుసూయను వసారాలోకి ఈడ్చారు. వాన జల్లు మొహం మీద పడుతుంటే ఆమె పెదవులు కదిలాయి. టాంగా బండి కట్టించుకుని దవాఖానాకు పరుగు పెట్టారు.

డాక్టరు మరాఠీలో నెమ్మదిగానే చెప్పాడు. గాలి ఆడని గదిలో బొగ్గులు కాలితే విషం పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తగిలినవాళ్ల బుగ్గలు మాత్రం ఎర్రబడతాయి. తల్లి పెద్ద ప్రాణం కాబట్టి తట్టుకుంది. చెప్పి, ఆగి, "గదికి కిటికీలు లేవా?" అని అడిగాడు.

"ఉన్నయ్," అంది జనాబాయి.

భీమయ్య గోదావరి ఒడ్డుకు పోయి పసిదాన్ని మట్టి చేసి వచ్చాడు. అనుసూయకు తెలివి వచ్చేసరికి శివవ్వ ఆమె పక్కన కూర్చుని, తనకు తెలిసిన మాటే చెప్పి ఉంది, పిల్ల చలి పట్టి పోయిందని. జనాబాయి వచ్చి మంచం మీద కూర్చుని కూతురి చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, పొద్దుగాల నేను కిటికి తెరిచిన. గందుకే చలి తాకిందా పిల్లకు?"

జనాబాయి ఊరుకుంటే సరిపోతుంది. శివవ్వ అలాగే నమ్మింది, గల్లీ కూడా అదే నమ్ముతుంది. బిడ్డను తానే చంపుకున్నానని ఈ పిల్ల జన్మంతా ఏడుస్తుంది, తల్లి దగ్గరకే వచ్చి తల్లి ఒళ్లోనే ఏడుస్తుంది. ఆ చెయ్యి తన చేతిలోనే ఉంటుంది.

"లేదు బిడ్డా," అంది. "నువ్వు తెరిచి మంచి పని చేసినవ్. నేనే మూసిన."

అనుసూయ తల్లి మొహంలోకి చూసింది. కాసేపటికి తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది.