ఖాళీగా వచ్చిన డబ్బా

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఎదురు తలుపు ఆవిడది. డయాలసిస్ సెంటర్‌లో పనిచేసే నల్లజాతి ఆవిడ, నాకంటే కాస్త పెద్ద. డబ్బా ఖాళీగా తిరిగివ్వడం మాలో పద్ధతి కాదని మాటల్లో ఒకసారి చెప్పాను. అప్పటినుంచి నేను పులిహోర పంపిన డబ్బాలో కార్న్‌బ్రెడ్డో, పీచ్ పళ్లో పెట్టి పంపేది.

ఒక సాయంత్రం వాళ్లింట్లోంచి గోడకి ఏదో గట్టిగా తగిలిన చప్పుడైంది. మర్నాడు చూస్తే ఆవిడ చెంప వాచిపోయి ఉంది. పోలీసులకి ఫోన్ చేయనా అని అడిగాను. వద్దంటే వద్దంది. వాళ్లన్న ఇంట్లో గొడవైతే ఎవరో మంచికే పోలీసుల్ని పిలిచారట. వచ్చినవాళ్లు ఆ అన్ననే కాల్చి చంపేశారట.

"మా ఆయన నన్ను కొట్టడం ఆగాలి. అతను చచ్చిపోకూడదు" అంది.

తన చర్చిలో పెద్ద దిక్కులాంటి ఒకావిడ నంబరు నా ఫోన్‌లో ఎక్కించింది. తను ఫోన్ చేయలేని పరిస్థితి వస్తే డబ్బా ఖాళీగా సంచిలో పెట్టి మా తలుపుకి తగిలిస్తుంది, నేను ఆ పెద్దావిడకి చెప్పాలి. ఎదురింటివాళ్ల డబ్బా తిరిగిస్తే మొగుడికి అనుమానం రాదు. ఈ ఒప్పందం నేను ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆయన వీసా అంటాడు, ఊరినుంచి వచ్చిన అత్తయ్య హడలిపోతుంది.

ఒక శనివారం మధ్యాహ్నం సరుకులు తెచ్చి సర్దుతున్నాను. అత్తయ్య మామూలుగా అంది: "పొద్దున ఎదురింటావిడ డబ్బా తగిలించి పోయిందే. ఖాళీదే. పోన్లే, రోజూ ఏం పెడుతుంది పాపం అని కడిగి బోర్లించేశా."

తలుపు తీసి బయటికి పరుగెత్తాను. పొద్దున! ఎదురింట్లో టీవీ తప్ప ఏమీ వినబడటం లేదు. అక్కడే నిలబడి చర్చి పెద్దావిడకి ఫోన్ చేశాను. పెద్దావిడ అంతా విని, నువ్వు తలుపు తట్టకు, మేం వస్తున్నాం అని పెట్టేసింది.

"లోపలికి రా. పోలీస్ కేసైతే మన వీసా స్టాంపింగ్‌కి ప్రాబ్లం అవుతుంది" అన్నాడు మా ఆయన. ఒళ్లు మండిపోయింది. నోరు మూసుకోమన్నాను, పెళ్లయ్యాక మొదటిసారి, అత్తయ్య ముందే.

లోపలికొచ్చి తలుపేసి, పోలీసుల నంబరు 911 నొక్కి, కాల్ బటన్ మీద వేలు పెట్టుకుని తలుపు కన్నంలోంచి చూస్తూ నిలబడ్డాను. నొక్కితే ఆవిడ మొగుడి ప్రాణం పోవచ్చు. నొక్కకపోతే ఆవిడది పోవచ్చు, ఈపాటికి పోయే ఉండొచ్చు. అంతగా నేను నా జన్మలో భయపడలేదు.

చివరికి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. చర్చి పాటల ప్రాక్టీసు మధ్యలో లేచి వచ్చినట్టున్నారు, ఆడవాళ్లందరివీ ఒకే ఊదారంగు చొక్కాలు. వెంట ఒక ముసలాయన. పెద్దావిడ తలుపు తట్టి, మా పిల్లని తీసుకెళ్లడానికి వచ్చామని నెమ్మదిగా చెప్పింది. మొగుడు తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ముసలాయన అతని భుజం మీద చెయ్యివేసి ఏదో చెబుతూ పక్కకి జరిపాడు. ఆడవాళ్లు లోపలికి వెళ్లారు.

ఆవిడ నడుచుకుంటూనే బయటికి వచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవి చిట్లింది. నేను తలుపు తీసి ఎదురెళ్లాను. నా చేతిలో ఫోన్ చూసి ఆగిపోయింది.

"పోలీసుల్ని పిలవలేదు కదా?" అంది.

లేదన్నాను. ఆ మాట విన్నాకే ఆవిడ ఏడ్చింది.