నేనడిగిన కప్పులు

ఆ కప్పు జర పైలంగ పట్టుకో అన్నా! అది విమానంల వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌ల రోజూ క్యాబ్ నడుపుతున్న, నేనే ఇంతవరకు విమానం ఎక్కలే, అది ఎక్కింది. అది కూడా నా మాట మీదనే! ఏమైందో చెప్త వినుండ్రి.

మా శంషాబాద్ చర్చికి సముద్రం అవతల ఒక చర్చితోని దోస్తానా. ఇద్దరూ కలిసి మహేశ్వరం దిక్కు పేద కుటుంబాలకు ఇండ్లు కట్టిస్తరు. ఈసారి మూడు ఇండ్లు, గోడలు లేచినయి. అందులో ఒకటి సుగుణక్కది. కొత్తిల్లు వస్తదని ఉన్న గుడిసె పీకేసి, పిల్లలతోని తాటిపత్రి కింద ఉంటున్నది. పైన చూస్తే మొగులు నల్లగయితున్నది. అక్కకు ఒకటే రంది.

"తమ్మీ, వానలకు ముందు పైన రేకులు పడ్తయా?"

"నాకిడిసిపెట్టు అక్కా" అన్న. చర్చిల ఇంగ్లిష్ వ్యవహారమంతా నాదే మరి. "వెల్‌కమ్ సర్, ఓటీపీ ప్లీజ్" అని రోజూ మాట్లాడేటోన్ని!

అటు నుంచి వాళ్ళ పెద్దామె మెసేజ్ పెట్టింది. మేం వస్తున్నం, ఇండ్లకు ఇంకేం కావాలె అని. అప్పుడు నేను పికప్ లైన్ల ఉన్న. ఫోన్‌కు తెలుగుల చెప్తే అదే ఇంగ్లిష్ చేసిస్తది కదా, చెప్పిన. ఇంట్లయితే మనం రేకులనే అంటం. కానీ పెద్దోళ్ళతోని ముచ్చటాయె, పుస్తకం తెలుగు మాట్లాడిన: "మూడు ఇండ్లకూ కప్పులు లేవు. వానలకు ముందే కప్పులు కావాలి."

వెనక ఒకటే హారన్లు. చదవకుండనే పంపేసిన.

"చిన్నవా, పెద్దవా?" అని జవాబొచ్చింది. "పెద్దవే, ఇంటిల్లిపాదికీ సరిపోవాలె" అన్న. "ఏ రంగు?" అన్నరు. అబ్బో, కలర్ రేకులు! సుగుణక్కనడిగితే నీలమన్నది. అదే రాసిన. "పగలకుండా ప్యాక్ చేస్తున్నం" అన్నరు. రేకులు పగులుడేంది? సిమెంట్ రేకులేమో అనుకున్న. విమానంల రేకులెట్లొస్తయని అనుమానం రాలేదా అంటే, వచ్చింది. వాళ్ళ దేశంల మడత రేకులుంటయేమో అని సర్దుకున్న.

వాళ్ళొచ్చే రోజు రేకులకని డీసీఎం లారీ మాట్లాడుకొని మరీ మా చర్చోళ్ళతోని ఎయిర్‌పోర్ట్‌కు పోయిన. పెద్దామె బయటికొచ్చి, అట్టపెట్టె విప్పి, నవ్వుకుంట చూపెట్టింది.

"కప్స్! బిగ్! బ్లూ!"

మా పాస్టరు అయ్యగారు నా దిక్కు తిరిగిండ్రు. "ఏంది యోహానూ ఇది?"

"కప్పులే అయ్యగారూ."

పెట్టెలు డీసీఎంల ఎక్కించిన. అందరం సుగుణక్క దగ్గరికి పోయినం. పాపం, ఆమె వచ్చినోళ్ళకు మర్యాద చెయ్యాలె కదా, తాటిపత్రి కింద చాయ్ కాచి ఆ కప్పులల్లనే పోసింది. సన్నగ తుంపర మొదలైంది. కొత్తింటి గోడల నడుమ నిలబడ్డ పెద్దామె చాయ్‌ల చినుకులు టపటప పడ్డయి. ఆమె తలెత్తి చూసింది.

"వేర్ ఈజ్ ద రూఫ్?"

నేను కప్పు చూపెట్టి, ఆకాశం చూపెట్టిన. "దిస్ కప్పు, దట్ కప్పు. తెలుగుల సేమ్ కప్పు!"

సుగుణక్కకు కండ్లల్ల నీళ్ళు, నోట్ల కోపం. "వీటిని గోడల మీద బోర్లించుకోమంటవా తమ్మీ?"

సిగ్గుతోని సచ్చిపోయిన. నిజంగ చెప్తున్న, ఆ తాటిపత్రి కింద పిల్లలను చూస్తే నా మీద నాకే అసహ్యమేసింది.

పెద్దామెకు సంగతి సమజైనంక కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వి ఊకోలే. అదే డీసీఎంల అందరినీ ఎక్కించుకొని షాద్‌నగర్ పోయి రేకులు తెప్పించింది. నీలం రంగువే! వాళ్ళూ మేమూ కలిసి ఎక్కించినం. తరువాత పెద్దవాన పడ్డనాడు సుగుణక్క ఫోన్ చేసి, "సప్పుడు ఇనవడ్తుందా తమ్మీ? లోపల ఒక్క సుక్క లేదు" అన్నది. నా పానం నిమ్మలమైంది.

ఇప్పుడు గోడలకు సున్నం వెయ్యాలె. వాళ్ళ దేశం పోయిన పెద్దామె మళ్ళొస్తదట, ఇంకేం కావాలని అడిగింది. ఈసారి ఫోన్‌ను నమ్ముతనా? డిక్షనరీల సున్నం ఎతికి, స్పెల్లింగ్ చూసుకొని, సొంతంగ రాసిన: "త్రీ హౌసెస్ నీడ్ లైమ్."

పొద్దున జవాబొచ్చింది. పండ్లు విమానంల తేనియ్యరట. నిమ్మరసం సీసాలు తెస్తే నడుస్తదా అని అడుగుతున్నది!

అయ్యగారికి ఇంకా చూపెట్టలే. చాయ్ అయినంక, మీలో ఇంగ్లిష్ వచ్చినోళ్ళు జర కూసోండ్రి.