ఆళ్లగడ్డ బస్సులో పిడుగు కడ్డీ

ఎనభైల నడుమ ఒక వేసవిలో, ఆరడుగుల రాగి కడ్డీ భుజాన వేసుకొని నేను నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. కారణం మా అక్క మొగుడు దానియేలు బావ. శిరివెళ్ల దాటినాక గుట్ట మీద ఆయనకొక గాలిమర ఉంది. గాలికి చక్రం తిరిగితే బోరు నీళ్లు తొట్టిలో పడతాయి. వీధి వీధంతా తాగేది ఆ నీళ్లే. ముందటేడు దాని మీద పిడుగు పడి రెక్కలు కాలాయి. ఎట్లనో బాగుచేయించి మళ్లీ తిప్పారు. "ఇంకొక్క పిడుగు పడనీ, ఊడబెరికి పాత ఇనుముకు వేస్తా" అని బావ నాయన యోహాను మామ శపథం పట్టినాడు. మబ్బులు మొదలయ్యేసరికి, నంద్యాలలో మోటార్లకు వైరు చుట్టుకొనే నాకు అక్క కబురు పెట్టింది: పిడుగును పట్టే కడ్డీ తీసుకొని బేగా రా.

బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ కారానికి నా చెవుల్లోంచి వచ్చిన పొగతోనే బస్సు ఇంజను స్టార్టయిందని నా నమ్మకం. పదకొండుకు కదిలింది.

"ఏందన్నా ఇది?" అన్నాడు కండక్టరు.

"పిడుగు కడ్డీ. పిడుగు దీన్ని పట్టుకొని భూమిలోకి దిగిపోతుంది."

నిజం చెప్పడం ఎంత తప్పో అప్పుడే తెలిసింది. పక్క సీటాయన లేచాడు. వెనక సీటామె లేచింది. కాసేపటికి ముందు సగం బస్సుకు నేనూ, నా కడ్డీనూ జమీందార్లం. తక్కిన జిల్లా అంతా వెనక సగంలో ఒకరి ఒళ్లో ఒకరు. మీలో ఎవరైనా ఆ దారిన పోతే చేతిలో ఒక కడ్డీ ఉంచుకోండి, సీటు ఖాయం.

"టాపు మీద వెయ్యప్పా" అని వెనక సగంలో వాదన మొదలైంది.

"టాపు మీదైతే బస్సు మీదనే పడదా?"

"లోపలైతే?"

"ఆయప్ప మీద పడుతాది. అదే మేలు."

శిరివెళ్ల దగ్గర దూరంగా ఉరిమింది. బస్సంతా "అర్జునా, ఫల్గుణా" అని అందుకుంది. అందరికంటే గట్టిగా అన్నది గాజుల మూట పట్టుకున్న ముసలి సాయిబు.

"నువ్వేంది తాతా?" అన్నాను.

"మూటలో ఉండేవి గాజులప్పా. ఆపేది ఎవరైతే నాకేం?"

గుట్ట దగ్గర దిగాను. అక్క పెట్టిన సంగటి ముద్ద గుట్టకంటే రవ్వంత చిన్నది. మామ అప్పటికే స్పానరు పట్టుకొని మర కింద కూర్చొని ఉన్నాడు. నేనూ బావా మరకంటే ఎత్తుగా సరుగుడు వాసం నాటి, కొసన కడ్డీ కట్టి, దాన్నుంచి రాగి పట్టీ దించాం. మర కాళ్లనూ ఆ పట్టీకే కలిపి, గుంతలో పాతిన రాగి పలకకు బిగించాం. గుంతలో బొగ్గూ ఉప్పూ పోస్తుంటే మామ నోరు తెరిచాడు.

"ఏమప్పా, ఊరగాయ పెడతాండావా?"

"పిడుగును ఊరబెడతాండా మామా. నేల తడిగా ఉంటేనే అది సుఖంగా దిగుతాది."

"ఈ గుట్టలో తడి యాడుంది? పుట్టినకాడ్నుంచి నేను చూళ్లే."

బావ తొట్టి వైపు చూశాడు. తొట్టి నిండి, నీళ్లు ఊరికే పక్కకు కారిపోతున్నాయి. మామ కూడా చూశాడు. స్పానరు కింద పెట్టి, పార అందుకొని, తొట్టి నుంచి గుంత దాకా తనే కాలువ తీశాడు.

"దాని నీళ్లతో అదే బతకనీ" అన్నాడు.

సాయంత్రం వాన. ఒక్క మెరుపు, ఒక్క చప్పుడు. కర్నూలూ కడపా గుద్దుకున్నాయనుకున్నాను. పిడుగు కడ్డీ మీద పడటం కళ్లారా చూశానని ఈనాటికీ చెబుతాను. మంచం కింద నుంచి కూడా కొంచెం కనిపిస్తుంది.

వాన తగ్గగానే మామ బిందె తీసుకొని ఒక్కడే గుట్టెక్కాడు. మేము వాకిట్లో నిలబడ్డాం. నిండు బిందెతో దిగాడు. "వాసం చీలింది. కడ్డీ కొస నల్లబడింది. చక్రం తిరుగుతాంది."

"స్పానరేది నాయనా?" అన్నాడు బావ.

"ఆడనే పెట్టినా. పొద్దున వాసం మార్చి బిగించల్ల."

మరుసటి రోజు తిరుగు బస్సులో అదే కండక్టరు. "కడ్డీ యాడన్నా?" అన్నాడు. చెప్పాను, ఒక పిడుగును ఏడు చేసి. ఆయన టికెట్ల సంచి చంకన ఇరికించుకొని నా పక్కనే కూర్చున్నాడు.

"మా పల్లెలో బడి పక్కన ఒక మర ఉంది. మబ్బు పడితే నీళ్లకు ఎవరూ పోరు. ఇంకో కడ్డీ దొరుకుతాదా?"

"దొరుకుతాది. తెచ్చేదెట్లా?"

"నా సీట్లో పెట్టు. నేను నిలబడతా."

కిటికీలోంచి గుట్ట మీది చక్రం చిన్నదవుతూ కూడా తిరుగుతూనే ఉంది. ఆ దారిలో జనం పిడుగుకు భయపడతారు, కానీ నీళ్లిచ్చే చక్రాన్ని వదులుకోరు. ఇదీ నా యాత్రలో తేలిన సంగతి.

వెనక సీట్లోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. "తే అన్నా, తే. మబ్బు లేని రోజు చూసుకొని తే."