కనపడని మేక

మా చిన్నమ్మ కళ్ళ డాక్టరుకు చూపించుకోవడానికి మొన్న బోధన్ నుంచి వచ్చింది. కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో ఆమె సంచి విప్పగానే బట్టలకన్నా ముందు తునికాకు వాసన బయటికి వచ్చింది. ఒక కంటికి శుక్లం కమ్మినా, నాలుగు రోజులు చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం తన వల్ల కాదని, బీడీల ఆకుకట్ట, కత్తెర, తంబాకు పొట్లం, ఒళ్ళో పెట్టుకునే చిన్న చాట అన్నీ వెంట తెచ్చుకుంది. తడిపిన ఆకూ తంబాకూ కలిసిన ఆ ఘాటు హాలంతా పరుచుకుంటున్న సమయానికే నా కూతురు టీవీలో ఒక ప్రయాణం సినిమా పెట్టింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి: ‘యథార్థ సంఘటనల ఆధారంగా’.

ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తేనె సీసా మీద ‘అసలైనది’ అని ఉంటే దాన్ని తలకిందులు చేసి చూసే రకాన్ని నేను. తోటలోంచి ఇప్పుడే దించాననే బండివాడి జామకాయలను గోటితో గిల్లి మరీ చూస్తాను. నేను పోలీసును కావలసిందని నా కూతురు వెక్కిరిస్తుంది. పోలీసులకు ఎక్కడ నేర్పుతారో తెలియదు కానీ, నాకు మాత్రం బోధన్‌లో, చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో, మా ఇంటి ముందరి గదిలో ఇలాంటి సినిమాలు చూస్తూనే ఆ విద్య అబ్బింది.

ఆ గల్లీలో కాలాలను మేము ముక్కుతోనే పోల్చుకునేవాళ్ళం. చలి మొదలై ఫ్యాక్టరీలో క్రషింగు అందుకోగానే కాగిన చెరుకురసం వాసన, దాని వెనకే పులిసిన మడ్డి వాసన దుప్పట్లలోకి కూడా దూరేవి. రోడ్డు పొడుగునా బారులు తీరిన ఎడ్లబండ్ల వెనక పిల్లలం వంగి వంగి పరుగెత్తి, బండివాడు అటు తిరిగినప్పుడు ఒక గడ లాగి, మోకాలి మీద విరిచి, పెదవుల చివర్లు కోసుకుపోయేదాకా నమిలేవాళ్ళం. చలి తగ్గేసరికి చుట్టుపక్కల ఊళ్ళలో పసుపు ఉడకబెట్టే కమ్మని మట్టివాసన గాలికి వచ్చేది. వానాకాలం మాత్రం పూర్తిగా తునికాకుది. గోనెసంచిలో చుట్టి తడిపి పెట్టిన ఆకు, పొయ్యి పక్కన ఆరేసిన బట్టలు, వేయించిన మొక్కజొన్న గింజలు, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి.

గల్లీలో ఆడవాళ్ళంతా మా ముందరి గదిలోనే బీడీలు చుట్టేవాళ్ళు, ఎందుకంటే కలర్ టీవీ మా ఇంట్లోనే ఉండేది. ఆకు కత్తిరించడానికి తప్ప బీడీ చుట్టే చేతికి కళ్ళతో పనిలేదు కాబట్టి వాళ్ళ కళ్ళు టీవీకి, నోరు ఒకరితో ఒకరికి ఖాళీగా దొరికేవి. ఆదివారం పగటిపూట మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, ఈ చిన్నమ్మ మొగుడు గంగారాం, సినిమా క్యాసెట్లు వేసే డబ్బా కిరాయికి తెచ్చేవాడు. ఆయనకు పాటలూ కొట్లాటలూ పట్టవు. ఒంటరిగా కొండలెక్కేవాళ్ళు, సముద్రాలు దాటేవాళ్ళు, ఎడారిలో దారితప్పినవాళ్ళు, ఇవే కావాలి. దుకాణంలో మరెవరూ ముట్టుకోరు కనుక అవి ఎప్పుడడిగినా దొరికేవి. అన్నీ ఇంగ్లీషువి. చిన్నబాపు టీవీ మీద ఒక చెయ్యి వేసి నిలబడి, తెర మీద అక్షరాలు రాగానే గొంతు సవరించుకుని, “గిది నిజంగ జరిగిన కత” అని మొదలుపెట్టి, ఎవరేం మాట్లాడినా మాకు తెలుగులో చెప్పుకుంటూ పోయేవాడు. ఆయన చదువు ఎక్కడ ఆగిపోయిందో అందరికీ తెలుసు. అయినా ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ తోటలో కొన్నాళ్ళు పనిచేశాడు కాబట్టి ఇంగ్లీషు ఆ పూలమొక్కల మీదుగా అంటుకుని ఉంటుందని గల్లీ గట్టి నమ్మకం.

నమ్మింది అదొక్కటే. మిగతాదంతా విచారణే. ఒక తెల్లాయన మంచుకొండ మీద ఒంటరిగా కూలబడిపోతే మా అవ్వ, అంటే మా అమ్మ, దారం తెంపుతూ అడిగేది: “వాడొక్కడే పోయిండంటివి, మరి గీ ఫోటో తీసెటోడెవడయ్యా గంగారాం?”

“కెమెరా వట్టుకొని ఎన్కకెల్లి వస్తడు వదినె.”

“వస్తె మరి గాయినె సావవట్టె గదా, జర చెయ్యి ఇయ్యరాదా? గంత మంచిగ నిలవడి సూసుడేంది!”

చిన్నమ్మ ఎక్కువ మాట్లాడేది కాదు. ఆమె చూపంతా బూట్ల మీద ఉండేది. నెలల తరబడి నడిచానన్నవాడి బూట్లు మెరుస్తుంటే ఆమె ఒక్కసారి నాలుక చప్పరించేది. దాంతో ఆ సినిమా పని అయిపోయినట్టే. మేమూ ఆ చప్పరింపు నేర్చుకున్నాం. బతుకమ్మ పండుగ నాటి, బెల్లం కలిపిన మలీద ముద్దలు, సత్తుపిండి జేబుల్లో పోసుకుని, నులక మంచం బోర్లించి పడవ చేసి తెల్లోళ్ళాట ఆడుతుంటే, ఆకలితో చచ్చిపోవలసినవాడి మూతికి బెల్లం కనిపించిందని ఆట మధ్యలోనే వాడిని పట్టేసుకునేవాళ్ళం.

ఇక చిన్నబాపు సొంత ప్రయాణం సంగతి. రెంజల్ దాటి, గోదావరి అవతలికి పోయి, మహారాష్ట్ర బజార్లలో ఎండుమిర్చి కొనుక్కొచ్చి బోధన్‌లో అమ్మడం ఆయన బేరం. ఒక వానాకాలం అట్లా పోయినవాడు రాలేదు. గోదావరి నిండి పారుతోందని, వంతెన మీద బళ్ళు ఆపేశారని బజారులో చెప్పుకున్నారు. వరద తీసింది, బళ్ళు నడిచాయి, ఆయనతోపాటు పోయిన వ్యాపారులు వచ్చేశారు, ఆయన మాత్రం రాలేదు. చిన్నమ్మ ఏడవలేదు, ఎవరినీ పంపమని అడగలేదు. తలవంచుకుని బీడీలు చుడుతూనే ఉంది, కానీ గుమ్మంలో అలికిడైతే ఆమె వేళ్ళ మధ్య ఆకు చిరిగిపోయేది.

చివరికి ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. చిక్కి సగమై, గడ్డం పెరిగి, పైన తన చొక్కాతో, కింద లుంగీలాగా మడిచి కట్టుకున్న ఆకుపచ్చ మరాఠీ చీరతో గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుచుకుంటూ వచ్చాడు. ఆటో దిగి ఏ చెట్టు చాటునో ఆ చీర విప్పేసి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. ఆయనకు అది తోచలేదు.

చెప్పింది ఇదీ. తొందరపడి వంతెన వదిలి పడవ ఎక్కాడు, పడవ బోల్తాపడింది, తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని వేలాడాడు. చేపలు పట్టే మరాఠీ ముసలామె ఒకతె తన పుట్టి పడవలో వేసుకుని నది మధ్య దిబ్బ మీది గుడిసెకు తీసుకుపోయింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆమె ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టేది, జొన్నగటక తాగించేది, చలికి వణుకుతుంటే తన మేకను తెచ్చి ఆయన వీపుకు ఆనించి పడుకోబెట్టేది. ధోవతి నీళ్ళపాలైంది కనుక కట్టుకోవడానికి తన చీర ఇచ్చింది.

“మేకనా?” అంది చిన్నమ్మ. అంతే. నాలుక చప్పరించింది.

ఆ చప్పరింపుతో గల్లీ తీర్పు కూడా అయిపోయింది. అవతలి ఒడ్డున ఎవరో ఉన్నారు. ఆ ఎవరో ముసలిది మాత్రం కాదు. చిన్నమ్మకు తెలియాల్సింది ఒక్కటే, తన మొగుడు ఆ రోజులన్నీ ఎవరి ఇంట్లో ఉన్నాడని. అడిగిన కొద్దీ ఆయన మేక దగ్గరికే వచ్చి ఆగేవాడు. ఆమె ఆ చీరను పారెయ్యలేదు, తగలబెట్టలేదు. కత్తెర తీసుకుని గుడ్డలుగా చింపి, తడిపి, ఆయన కళ్ళ ముందే రోజూ తునికాకు కట్టకు చుట్టడం మొదలుపెట్టింది. తన కథ చెప్పడానికి ఆయన నోరు తెరిస్తే చాలు, అందరూ కలిసి వేరే ముచ్చట ఎత్తుకునేవాళ్ళు.

చలికాలంలో ఒక ఆదివారం ఆయన కొత్త క్యాసెట్ తెచ్చాడు. ఎర్ర పడవలో ఒక తెల్లాయన పెద్ద నది మీద పోతుంటాడు. పడవ బోల్తా పడుతుంది. కొమ్మ పట్టుకుంటాడు. ఎక్కడి నుంచో ఒక ముసలామె వస్తుంది, గుడిసె వస్తుంది, ఆయన చాప మీద పడుకుంటాడు. చిన్నబాపు గొంతు ఆ రోజు మామూలుగా లేదు. టీవీ వైపు చూడకుండానే చెప్పుకుపోతున్నాడు. వీనికి జ్వరమొచ్చింది, ఆమె ఉల్లిగడ్డ పగలగొడుతోంది, నా కొడుకువనుకుంటానంటోంది, చలి పెడుతుంటే మేకను తెచ్చి వీపుకు ఆనిస్తోంది.

“మేక ఏదయ్యా? కనవడ్తలేదు?” అంది మా అవ్వ, కళ్ళు తుడుచుకుంటూనే.

“లోపలున్నది వదినె. కెమెరా లోపలికి పోతదా?”

గదిలో ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు. ఏ సినిమానూ క్షమించని ఆడవాళ్ళు చేతుల్లో బీడీలు ఆపి, ఆ పరాయి ముసలామె కోసం, ఆ తెల్లవాడి కోసం కొంగులు తడుపుకున్నారు. చిన్నబాపు ముఖం వెలిగిపోతోంది. ఆయన కథను ఊరు మొదటిసారి చివరిదాకా వింది.

చిన్నమ్మ ఒళ్ళోని చాట తీసి పక్కన పెట్టింది. “గీ సినిమా ఎక్కడ్నో సూసొచ్చే గదా నాకు కత జెప్పినవు?”

ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక టీవీ మీది చెయ్యి జారిపోయింది. “గట్ల గాదే! సినిమాల మేక లేదు, ఉల్లిగడ్డ లేదు. గవన్ని నేనే కల్పిన. నాకు ఇంగ్లీషు యాడొస్తది?”

“ఇన్నేండ్ల సంది వచ్చింది, ఇయ్యాల్నే రాకుంట పోయిందా?”

“నిజంగ జరిగిన కత అని నువ్వే సదివితివి మొదట్ల,” అంది మా అవ్వ. “గా తెల్లోనికి జరిగింది మల్ల నీకెట్ల జరుగుతదయ్యా?”

సినిమాల్లో ఏ ముక్కనూ నమ్మని మా గల్లీ, ఆ ముందు వచ్చే అక్షరాలను మాత్రం ఆ ఒక్క రోజు పూర్తిగా నమ్మింది. మూలన కూర్చుని నేనూ విచారించాను. ఆయన భార్యకైనా అబద్ధం చెప్పాడు, లేదా మా అందరికీ ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాడు. ఏది అయినా మనిషి నమ్మదగినవాడు కాదని అనుకున్నాను. ఆ అనుమానం నాతోపాటే పెరిగి పెద్దదైంది.

తర్వాత ఆయన క్యాసెట్లు తేలేదు, నది దాటలేదు. బోధన్ బజారులోనే ఉల్లిగడ్డ, మిర్చి ముందేసుకుని కూర్చున్నాడు. మరాఠీ ఆడవాళ్ళు బేరానికి వస్తే, వాళ్ళ మాట వచ్చిన మనిషే అయినా, తల ఊపి వేళ్ళతో ధర చెప్పేవాడు. కాపురం చేశారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు, ఒకరికి జ్వరమొస్తే ఒకరు లేచారు. కానీ ఆయన పోయేదాకా వాళ్ళిద్దరి మధ్య ఆ గోదావరి తగ్గలేదు.

మొన్న మా హాలులో, తెల్ల అక్షరాలు పోయాక, తెర మీదికి ఒక ఎర్ర పడవ వచ్చింది. పాత సినిమా, ఇప్పుడు తెలుగులో మాట్లాడుతోంది. చిన్నమ్మ తలెత్తి బాగున్న కంటితో చూసింది.

“గీడు గా పడవోడు గాదె?”

అవునన్నాను. ఆమె బీడీలు పక్కన పెట్టింది. పడవ బోల్తా పడింది. ముసలామె వచ్చింది. ఆమె ఆ మనిషిని కొడుకని పిలవలేదు. తమ ఊళ్ళో రోగం ఉంది, వెంటనే వెళ్ళిపొమ్మని తిడుతోంది. ఆయనకు జ్వరం లేదు, వాన వెలిసేదాకా కునుకు తీశాడంతే.

“మేక ఎప్పుడొస్తది?” అంది చిన్నమ్మ.

“ఏం మేక అమ్మమ్మా?” అంది నా కూతురు.

సినిమా అయిపోయి పేర్లు పడుతున్నా చిన్నమ్మ కళ్ళు తిప్పలేదు. “మేక రాలేదు బిడ్డా. గా ముక్క కోసేసిన్రేమో, టీవీలల్ల కోస్తరు గద.”

“ఇందులో కొయ్యరు చిన్నమ్మా. మొత్తం ఇదే. మేక లేదు, ఉల్లిగడ్డా లేదు.”

ఆమె చాట అంచును వేళ్ళతో తడిమింది. “గైతె గది ఆయినకు జరిగిందే,” అంది. “గామె ఇచ్చిన చీర చింపి ఆకుకు సుట్టిన గదనే నేను. గా ముసలామె ఎట్లుండె, పేరేంది, ఒక్క మాటన్న అడుగకపోతి.”

నాకు ఏడుపు ఆగలేదు. ఫ్యాక్టరీ కూత లేదు, బండ్ల బారులు లేవు, క్యాసెట్ల దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, గల్లీలో బీడీలు చుట్టేవాళ్ళు చెదిరిపోయారు, మా అవ్వ పోయింది. ఆ ఆకుపచ్చ గుడ్డలో ఒక్క పీలిక కూడా మిగల్లేదు. చిన్నమ్మ ఆకుకట్ట ఇప్పుడు ప్లాస్టిక్ కవరులో ఉంది. అడగడానికి ఆయనా లేడు.

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, రిమోట్ నా కూతురి వైపు జరిపింది. “మొదటికెల్లి మల్ల పెట్టు బిడ్డా. సప్పుడు బంజెయ్యి, నేను జెప్త.”

తెర మీద పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. చిన్నమ్మ గొంతు సవరించుకుంది. “గిది నిజంగ జరిగిన కత. ఈయిన పేరు గంగారాం, మాది బోధన్...” పడవ, వరద, తుమ్మచెట్టు, ముసలామె పుట్టి, ఉల్లిగడ్డ, ఏదీ వదల్లేదు. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. గుడిసె రాగానే నా కూతురు తెర దగ్గరికి జరిగి, నా పోలికే కదా, అనుమానంగా చూసింది.

“మేక ఏది అమ్మమ్మా? కనిపిస్తలేదు?”

“లోపలున్నది బిడ్డా,” అంది చిన్నమ్మ. “కెమెరా లోపలికి పోతదా?”