మూడో రింగు

నందిగామలో మా అక్కవాళ్ళ ఇంట్లో, హాలు పైకప్పుకి ఉత్తరం గోడ నుంచి దక్షిణం గోడ దాకా ఒక గీత ఉంది. ఎండాకాలంలో కనిపించదు. వాన నాలుగు రోజులు పట్టిందంటే తడి తేలి, సున్నం మీద పసుపు చారగా దిగుతుంది. పొడవు పన్నెండు అడుగుల నాలుగు అంగుళాలు. స్టూలెక్కి నేనే టేపుతో కొలిచాను. నేను ఒక ఫోను కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి మారడం వల్ల పడిన గీత అది.

పదో తరగతితో నా చదువు ఆగింది. జగ్గయ్యపేట అవతల ఒక కంకర క్రషరులో లోడ్లు రాసే పనిలో చేరి, గుట్టలు కొలిచే పెద్దాయన వెంట తిరిగి, ఘనపుటడుగుల లెక్క సొంతంగా నేర్చుకున్నాను. ఏ ఇంటికి ఎంత కంకర పడుతుందో ప్లాను చూసి నోటితో చెప్పేవాణ్ణి. లెక్క నేర్చినవాడికి పక్కవాడి లెక్క మీద నమ్మకం కుదరదు. ఎస్టీడీ బూతుల కాలంలోనే నాకు ఆ జబ్బు పట్టుకుంది. బస్టాండు పక్కన బూతులో ఎర్ర అంకెల మీటరు నిమిషం మారినప్పుడల్లా నా వాచీలో యాభై ఏడు సెకన్లే అయ్యేవి. ఒకరోజు ఆ బూతు యజమానిని అడిగేశాను.

"మీ వాచీ స్లో ఏమోనండీ," అన్నాడు.

"పొద్దున్నే రేడియో వార్తలకి కలిపానండీ."

"అయితే రేడియో కూడా స్లో అయ్యుంటదండీ."

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. మొదట్లో మనకు వచ్చిన ఫోనుకి కూడా మనమే కట్టాలి కాబట్టి దాని జోలికి పోలేదు. వచ్చే ఫోను ఉచితం అయ్యాకే కొన్నాను. మా బావ, అంటే అక్క భర్త, నందిగామలో ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఆయనా అదే కంపెనీ సిమ్ము తీసుకున్నాడు. ఆయన పనులకి కంకర మా క్రషరు నుంచే వెళ్ళేది. ఎన్ని ట్రక్కులు కావాలో రోజూ చెప్పాలి. దానికి ఇద్దరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం.

సాయంత్రం ఆరుకీ ఆరుంబావుకీ మధ్య బావ మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒక రింగుకి ఒక ట్రాక్టరు ట్రక్కు. మూడు కావాలంటే మూడో రింగు తన చెవిలో వినగానే కట్ చేస్తాడు. నేను లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాను. ఐదు దాటితేనే మాట్లాడటం. ఫోను ఎత్తితే పద్ధతి చెడినట్టే. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఆ పావుగంటలో నాకు ఇంకెవరూ ఫోను చేయకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక సాయంత్రం ఆరున్నరకి బావ నిజంగానే ఫోను చేసి మాట్లాడాడు.

"ఏం బామ్మర్దీ, పాటలు పెట్టుకున్నావే."

"పాటలేంటి బావా?"

"రింగు లెక్కపెడదామంటే నీ ఫోన్లో ఎవతో పాడతా ఉంది. పల్లవికెన్ని, చరణానికెన్ని ట్రక్కులు పంపుతావో ముందు చెప్పు."

నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో తెలుసుకుందామని కంపెనీకి ఫోను చేశాను. ఒకటి నొక్కమని, మళ్ళీ రెండు నొక్కమని ఆరు నిమిషాలు తిప్పి, చివరికి ఒక అమ్మాయి, "మీరే స్టార్ నొక్కి ఒప్పుకున్నారు సార్," అంది. నా ఫోను మీద స్టార్ గుర్తు ఎక్కడుందో కూడా అప్పటిదాకా నేను సరిగా చూడలేదు. పాట తీసేశారు. పదకొండో రోజున మళ్ళీ వచ్చింది. దానికి నెలకింతని కోత కూడా పడుతోంది. డబ్బు సంగతి అటుంచి, నా ఫోనులో నేను చేయని పని జరుగుతోందంటే ఇంకేం జరుగుతోందో అని మనసు పీకింది. మారిపోదామనుకున్నాను.

మారడమంటే అప్పట్లో నంబరు పోవడమే. పాత నంబరుని ఏ కంపెనీకీ వెంట తీసుకెళ్ళే వీల్లేదు. నా పాత నంబరులో అంకెలన్నీ కలిపితే యాభై నాలుగు, మళ్ళీ కలిపితే తొమ్మిది. కొత్తదాన్ని కలిపితే ఐదే తేలింది. మనసుకి ఎక్కలేదు గాని, అరవై మూడు మందికి ఆ నంబరు చెప్పుకుంటూ పోయాను.

సిమ్ము అమ్మినాయన ఎవరో కాదు, ఆ పాత బూతు యజమానే. బూతు మూసేసి అదే కొట్లో సిమ్ములు అమ్ముతున్నాడు.

"వాచీ బాగుచేయించారా అండీ?" అన్నాడు నన్ను చూడగానే.

నేను పద్నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. నిమిషానికి కోస్తారా, సెకనుకా. పాటలు వాళ్ళంతట వాళ్ళే పెడతారా. క్రషరు దగ్గర సిగ్నలు ఉంటుందా. ఒక్కొక్కటీ అడిగి, పక్కన టిక్కు పెట్టుకున్నాను. ఎదుటివాళ్ళ ఫోన్లు వచ్చే సౌకర్యం జీవితకాలం ఉచితమన్నాడు.

"జీవితకాలం అంటే నాదా, కంపెనీదా?"

"ఎవరిది ముందు అయిపోతే వాళ్ళదండీ."

సిమ్ము ఫారం రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. పదిహేనో ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే అది నా ముందుకొచ్చింది. మా ఇంట్లో పాత కంపెనీదే ల్యాండ్‌లైను ఉండేది. మా ఆవిడ దాన్నుంచి ఒక రింగు ఇస్తే తిన్నగా ఇంటికి రమ్మని, రెండు ఇస్తే పాలు తెమ్మని. ఏడింటికి ఒకటే వచ్చింది. తిన్నగా ఇంటికి వెళ్ళాను.

"పాలేవండీ?"

"ఒకటేగా ఇచ్చావు."

"రెండిచ్చానండీ. మీ కొత్త కంపెనీ ఒకటి మింగిందేమో."

"కంపెనీలు డబ్బులు మింగుతాయి గాని రింగులు మింగవు. నువ్వే తప్పు లెక్కపెట్టి ఉంటావు."

"రెండు దాకా నాకు లెక్క వచ్చండీ," అని చెంబు పట్టుకుని పక్కింటికి వెళ్ళింది.

అప్పుడు బావవాళ్ళు సొంతిల్లు కట్టుకుంటున్నారు. పదిహేడేళ్ళు అద్దె కొంపల్లో గడిపి, ఊళ్ళో అందరికీ ఇళ్ళు కట్టాక, చివరికి తమకంటూ మొదలుపెట్టిన ఇల్లు. సగంలో కంకర చాలక స్లాబు ఆగితే, ఆగినచోట పాతదీ కొత్తదీ అతకవు, ఇల్లు ఉన్నన్నాళ్ళూ అక్కడ కారుతుంది. అది బావకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే కంకర లెక్క నా చేత వేయించాడు. వేరే పనులన్నీ ఆపుకున్నాడు కాబట్టి, నేను సిమ్ము మార్చాక ఆయన దగ్గర్నుంచి రింగులే రాలేదు. బీములకి పోగా స్లాబుకి సైటులో ఎంత మిగిలిందో చూసి, ముందురోజు సాయంత్రం తనే రింగులిస్తానన్నాడు.

నా అంచనా మూడు ట్రక్కులు. స్లాబు ముందురోజు ఆరూ ఏడు నిమిషాలకి బావ పేరు వెలిగింది. రెండు రింగులు వచ్చి ఆగిపోయింది.

కాసేపు పుస్తకం ముందు కూర్చున్నాను. వేరే సైటులో మిగిలింది తెచ్చి వేసుకుంటున్నాడా? లేక సొంతింటికి కూడా తక్కువ వేసి సరిపెడుతున్నాడా? ఆయన పొదుపు నాకు తెలుసు. ఆ రెండో అనుమానమే నాకు ఎక్కువ నచ్చింది. అడగవచ్చు. అడగాలంటే ఫోను చేయాలి. నాలుగేళ్ళ పద్ధతిని అనుమానించినట్టవుతుంది. రెండు అని రాశాను. మూడో ట్రక్కుని చిల్లకల్లులో ఇంకొకాయనకి రాసేశాను.

మర్నాడు పదిన్నరకి బావ ఫోను.

"మూడో ట్రక్కు ఏ దారిలో ఉంది?"

"మూడోదెక్కడిది బావా? రెండేగా ఇచ్చావు."

అటువైపు మిక్సరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మూడిచ్చా. కంకర అయిపోవస్తంది. పంపించు."

క్రషరులో ఆ రోజు ఒంటిగంట దాకా కరెంటు కోత. గుట్టలో మిగిలిందంతా తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. ట్రక్కు నింపి, నేనూ ట్రాక్టరు మీదే కూర్చుని వెళ్ళేసరికి మూడు దాటింది. పోసిన సగం స్లాబు అంచు గట్టిపడిపోయి ఉంది. ఇరవై మందికి పైగా కూలీలు నీడన కూర్చుని ఉన్నారు. అక్క వాళ్ళకి మజ్జిగ పోస్తోంది. నన్ను చూసి గ్లాసు కింద పెట్టింది.

"లెక్కల్లో మా తమ్ముణ్ణి మించినోడు లేడని వీధంతా చెప్పుకున్నాను రా," అంది.

బావ నా వైపు రాలేదు. గట్టిపడిన అంచుని గరుకుగా చెక్కించి, సిమెంటు పాలు పోయించి, మిగతా సగం నింపించాడు. సాయంత్రం ట్రాక్టరు డ్రైవరుతో మాట్లాడుతూ కనిపించాడు. నేను బస్సుకి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర ఆపాడు.

"చిల్లకల్లు ఆయన రేటు బాగా ఇచ్చాడటగా."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అడుగుతున్నా."

"నువ్వు రెండే ఇచ్చావు బావా. కావాలంటే పుస్తకం చూడు."

"పుస్తకం రాసేది నువ్వేగా."

ఆ తర్వాత నాలుగు నెలలు మాకు మాటల్లేవు. ఆయన కంకర వేరే క్రషరు నుంచి తెప్పించుకున్నాడు. నేను అమ్మేశానని ఆయన అనుమానం. తను తప్పు లెక్కపెట్టి నా మీదికి నెట్టాడని నాది. అక్క ఫోను చేస్తే కూడా, ఆ మాటలు బావ పక్కనుండి అనిపిస్తున్నాడేమో అనుకుంటూ వినేవాణ్ణి. గృహప్రవేశానికి వెళ్ళి, భోజనం చేసి, వచ్చేశాం. తొలి వానలకి గీత బయటపడింది. అక్క ఆ గీత కింద గిన్నె పెట్టిందని మా ఆవిడ చెప్పింది.

చెప్పి, "మొన్న మళ్ళీ రెండిస్తే మీకు ఒకటే వచ్చింది గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఆ ఆదివారం ఆవిణ్ణి ల్యాండ్‌లైను దగ్గర కూర్చోబెట్టి, ఫోను అరచేతిలో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"పైకి లెక్కపెట్టు," అన్నాను.

"ఒకటి," అంది. నా ఫోను చల్లగా, మౌనంగా ఉంది. "రెండు," అంది. అప్పుడు నాది మొదటిసారి మోగింది.

ఇరవైసార్లు చేయించాను. ఏడుసార్లు ఒకటి తగ్గింది. పదమూడుసార్లు సరిగ్గా వచ్చింది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి ఫోను దాటేలోపు ఇక్కడ మోగకముందే అక్కడ వినిపిస్తోంది. ఎప్పుడు అలా చేస్తుందో చెప్పలేం. పాత సిమ్ము ఇంకా పనిచేస్తోంది. దాన్ని వేసి, పాట తీయించి, క్రషరులో అదే కంపెనీ ఫోనున్నాయన చేత ఇరవైసార్లు చేయించాను. ఒక్కటి కూడా తగ్గలేదు.

కాగితం జేబులో పెట్టుకుని నందిగామ వెళ్ళాను. బావ హాల్లో, సరిగ్గా ఆ గీత కింద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. విషయం చెప్పాను.

"ఇవన్నీ నాకెందుకు? మోగించి చూపించు," అన్నాడు.

"నువ్వే మోగించు బావా. మూడు విని కట్ చెయ్యి."

మంచం మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టాం. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది. మొదటిసారి మూడు రింగులూ వచ్చాయి. బావ నా మొహం వంక చూశాడు. రెండోసారి కూడా మూడే వచ్చాయి.

"ఇదేగా నేనిచ్చింది," అన్నాడు.

"ఇంకోసారి చెయ్యి."

మూడోసారి రెండే వచ్చాయి. బావ తన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నా ఫోనుని కూడా చేతిలోకి తీసుకుని మళ్ళీ చేశాడు. మూడు. మళ్ళీ చేశాడు. రెండు. ఆ పైన ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టని సందర్భాలు తక్కువ.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు చివరికి.

మొన్న ఆదివారం అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. అక్క చూస్తోంది.

"సిమ్ము వేసిన రోజే ఒకసారి తగ్గింది. మా ఆవిడ తప్పు లెక్కపెట్టిందనుకున్నాను."

"స్లాబుకి ఎన్నాళ్ళ ముందు?"

"ఇరవై రెండు రోజులు."

బావ నా ఫోనుని నా వైపు తోశాడు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, పైకి చూసి, "మరదలి మాట వినుంటే నా గిన్నె వంటింట్లోనే ఉండేది," అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కాఫీ మాత్రం ఇచ్చింది.

కాఫీ తాగాక బావ అడిగాడు. "చిల్లకల్లు రేటెంత?"

"నీకిచ్చిందే."

"పుస్తకం తెచ్చావా?"

తెచ్చాను. అడుగుతాడని తెలుసు. ఆ పేజీ తీసి ఇచ్చాను. వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. నేను సిమ్ము ఫారం చదివినట్టే చదివాడు. తర్వాత మూసి నా చేతికిచ్చి, "భోంచేసి వెళ్ళు," అన్నాడు.

పాత కంపెనీకి తిరిగి వెళ్ళలేదు. మళ్ళీ పాట పెడతారన్న భయం పోలేదు. రింగుల పద్ధతి అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆరింటికి బావ ఫోను చేస్తే నేను ఎత్తడమే.

"మూడు," అంటాడు.

"మూడేనా బావా?"

"మూడే. నువ్వెంత విన్నావు?"

"మూడు."

"ఆఁ," అని పెట్టేస్తాడు. తొమ్మిది సెకన్లు. కోత మాత్రం నిమిషానికి పడుతుంది. పొద్దున బండి కదిలాక ఎన్ని ట్రక్కులొస్తున్నాయో డ్రైవరుని కూడా విడిగా అడుగుతాడని నాకు తెలుసు. డ్రైవరే చెప్పాడు. బావ మూడు అన్నాక మూడు అని రాసి, దాని పక్కన టైము కూడా వేసి, గీత గీస్తాను.