మా అత్తను చంపింది తిండి కాదు

మా మేనత్త పోయింది. రాయచూరు ఆసుపత్రిలో పేగుకు ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కళ్ళు తెరవలేదు. తన ఊరు మట్మారికి తెచ్చి ఆమెను వాకిట్లో పడుకోబెట్టామో లేదో, ఊరు తీర్పు చెప్పేసింది.

"తినీ తినీ సచ్చింది. నోరు కట్టుకోలే," అన్నాడు అరుగు మీది పెద్దమనిషి ఒకాయన. పక్కన కూర్చున్నవాళ్ళు తలలూపారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

అత్త నాట్ల గుంపుకు మేస్త్రి. ఊళ్ళోని ఆడవాళ్ళను ఆటోలో ఎక్కించుకుని మాన్వి వైపు కాలువ కింది పొలాలకు తీసుకెళ్ళేది. సెలవుల్లో నేనూ వెళ్ళేదాన్ని. ఒకసారి అన్నం వేళకు అందరూ గట్టెక్కుతుంటే రైతు ఒకాయన అడ్డం వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్ళది.

"ఈ మడి అయిపోయాక తినండమ్మా. తిండికేం తొందరొచ్చింది?"

అత్త బురద కాళ్ళతోనే ఆయన ఎదుట నిలబడింది.

"ఆకలి ముందుగాల పుట్టింది దొరా. నీ మడి ఎనక పుట్టింది. తిననియ్యి."

ఆ రోజు అందరం తిన్నాకే మళ్ళీ మడిలో దిగాం. అన్నం తెచ్చుకోని మనిషి ఎవరన్నది అత్త ముఖాలు చూసే కనిపెట్టేది. తన రొట్టె తుంచి, మాట్లాడకుండా ఆ మనిషి ఒళ్ళో పెట్టేది. తను మాత్రం గబగబా మింగి అందరికంటే ముందు లేచేది. ఆమెను తిండిపోతు అన్నవాళ్ళలో ఆ రొట్టె తిన్న ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. అది నాకు ఇంకా మింగుడుపడదు.

ఏళ్ళ తరబడి వంగి నాట్లేసిన నడుము. మందుల దుకాణంలో దొరికే నొప్పి గోలీలు మింగి పనికి పోయేది. నిరుడు కడుపులో పుండు పగిలింది. రాయచూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కడుపులో కొంత భాగం కోసి తీసేసి ప్రాణం నిలబెట్టారు. ఆ మేలు నేను మరిచిపోను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు తలుపు దగ్గర నిలబడి ఒక్క మాట చెప్పాడు: "పండ్లు బాగా తినమ్మా. బలమొస్తది." అంతే. ఎట్లా తినాలో, ఏవి తినకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. అత్త పక్కన సంచులు పట్టుకుని నిలబడింది నేనే.

అత్త ఆ మాటను మంత్రంలా పట్టుకుంది. చూడడానికి వచ్చినవాళ్ళందరూ సంత్రపండ్లు తెచ్చారు. కోలుకుని తిరుగుతున్నా సరే, అత్తకిష్టమని తెస్తూనే ఉన్నారు. దవడ పళ్ళు ఎప్పుడో ఊడిపోయిన మనిషి. తొనలను నారతో సహా అట్లాగే మింగేది. పిప్పి ఉమ్మెయ్యమంటే ఒప్పుకునేది కాదు.

"మనిషి ప్రేమతోటి ఇచ్చింది ఉమ్మేస్తమా బిడ్డా?"

మొన్న కడుపు ఉబ్బింది. మెలితిప్పే నొప్పి, పచ్చని వాంతులు. ఊళ్ళో సూదులేసే డాక్టరు వచ్చి పొట్ట మీద చెయ్యి కూడా పెట్టలేదని అత్త భర్త, మా మామ, తర్వాత చెప్పాడు.

"గ్యాసు. గిన్నిగనం తింటే గిట్లనే అయితది ముసల్దానా," అని నవ్వి, సూది వేసి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వును నేను క్షమించను. ఆకలి అని అడగడానికి జీవితంలో ఎన్నడూ సిగ్గుపడని మనిషి, ఆ నవ్వు తర్వాత నొప్పి అని చెప్పడానికి సిగ్గుపడింది. పంటి బిగువున ఓర్చుకుని పడుకుంది. మామ నాకు ఫోన్ చేసేసరికి ఆమెకు మాట తడబడుతోంది.

రాయచూరులో ఈసారి వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చిన్న వయసుది. బయటికి వచ్చి మాకు అర్థమయ్యేలా చెప్పింది. కోసిన కడుపుకు అరిగించే బలం తగ్గుతుందట. నమలని ముక్కలు పెద్దవిగానే పేగులోకి జారిపోతాయట. సంత్ర నార ఉండకట్టి పేగుకు అడ్డం పడింది. ఆలస్యం కావడంతో అక్కడ పేగు నల్లబడిపోయింది.

"యారూ హేళ్లిల్వా?" అని కన్నడంలో అడిగింది. ఎవరూ చెప్పలేదా అని.

ఎవరూ చెప్పలేదు డాక్టరమ్మా. బాగా నమలమని, నార ఉన్నవి వద్దని, వాంతులైతే వెంటనే రమ్మని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మా అత్త మడి గట్టు మీద నిలబడి ఒక రొట్టె తినే పాటి సమయం కూడా పట్టదు.

దినాలయ్యాక మామ, "ఆ మొదటి డాక్టరు తానికి పోదాం పా బిడ్డా," అన్నాడు. ఇంట్లో ఉన్నాడో లేడో తెలియనంత నెమ్మదస్తుడు మా మామ. డాక్టరు ముందు చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

"సారూ, నమిలి తినాలని మా ఇంటామెకు చెప్పిండ్రా?"

"చెప్పే ఉంటాం. మీరే మర్చిపోయి ఉంటారు."

చెప్పాం అనలేదు. చెప్పే ఉంటాం అన్నాడు. "ఎవరు చెప్పిండ్రు సార్? నేను పక్కనే ఉన్న కద," అని నేను గట్టిగానే అరిచాను. ఆయన గంట నొక్కి తర్వాతి మనిషిని పిలిచాడు.

నేను బయటికి వచ్చి చూస్తే మామ వెనకాల లేడు. పక్క వార్డులోకి వెళ్ళాడు. మంచం మీద ఒకామె, చేతికి సెలైను. పక్కనున్న ఆమె చెల్లెల్ని ఏం ఆపరేషనమ్మా అని అడుగుతున్నాడు. కడుపులో పుండు పగిలిందని ఆమె చెప్పింది.

మామ మంచం అంచున వంగాడు.

"అవ్వా, నార పండ్లు తినకు. ఏది తిన్నా మెత్తగ నమిలి మింగు. గిట్ల."

నోట్లో ఏమీ లేకుండానే, కళ్ళనీళ్ళు కారుతుండగా, మామ బోసి దవడలు మెల్లమెల్లగా ఆడించి చూపించాడు. ఆమె ఆయన ముఖం వైపే చూస్తూ, ఖాళీ నోటితో, మెల్లగా నమలడం మొదలుపెట్టింది.